బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్: ఘనత దెయ్యానికీ వద్దు, ప్రెస్ మిషన్‌కీ వద్దు

2025 జులై 22న బ్రిటన్ రాక్ బ్యాండు బ్లాక్ సబ్బాత్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ చనిపోయాక ఆ వారమంతా కనపడిన నివాళినల్లా చదివాను. దాదాపు అన్నిటిలోనూ ఆ బ్యాండు పుట్టుక కథ ఒక్కటే. బర్మింగ్‌హామ్‌లో ఒక ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్ మిషన్‌లో పడి గిటారిస్టు వేళ్లు తెగాయి. తెగిన వేళ్లతో నొక్కలేక గిటార్ తీగలు వదులు చేసుకున్నాడు. ఆ వదులు తీగల్లోంచి బరువైన శబ్దం పుట్టింది. దానికి ఒకప్పుడు చర్చి నిషేధించిన దెయ్యపు స్వరం తోడైంది. ఇంకేముంది, 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు హెవీ మెటల్ అనే బరువైన రాక్ బాణీ అవతరించింది.

వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఇందులో కొంత శుద్ధ తప్పు. నిజమైన భాగాన్ని కూడా ఎంత గట్టిగా చెబుతారంటే, అసలు సంగతి దాని వెనకాల పడిపోతుంది. శాపం వల్లో, ప్రమాదం వల్లో, ఊరి మహిమ వల్లో కళ దానంతటదే ఊడిపడుతుందని నమ్మడం మనకు మహా ఇష్టం. ఆ తొలి ఆల్బమ్‌ను నేను చాలా ఏళ్లుగా వింటున్నాను. నాకు అందులో వినపడేది నలుగురు కుర్రాళ్లు తెల్లారిలేస్తే కలిసి కూర్చుని, రాత్రయితే ఎవరూ సరిగా వినని క్లబ్బుల్లో గంటలకు గంటలు వాయించి, ఒకరి చెయ్యి ఒకరికి అలవాటు చేసుకున్న పనితనం. దెయ్యం ఆ తర్వాత అట్ట మీదికి వచ్చింది.

మొదట మనుషుల గురించి. టోనీ అయోమీ గిటార్, గీజర్ బట్లర్ బేస్, బిల్ వార్డ్ డ్రమ్స్, ఆజీ గొంతు. నలుగురూ బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ వాళ్లే. అయోమీ, వార్డ్ అంతకుముందు మిథాలజీ అనే బ్యాండులో ఉండేవారు. ఆజీ, గీజర్ రేర్ బ్రీడ్ అనే దాంట్లో. 1968లో రెండూ చెదిరాక వీళ్లు కలిశారు. పాడేవాడు కావాలా అంటూ ఆజీ ఒక మ్యూజిక్ షాపులో కాగితం అంటించాడు. అది చూసి వెళ్లిన అయోమీకి తీరా అక్కడ కనపడింది స్కూల్లో తనకు తెలిసిన కుర్రాడే. వాడు పాడగలడన్న నమ్మకం అయోమీకి బొత్తిగా లేదు. ఆజీ అప్పటికే కారు హారన్లు సరిచూసే పనిలో, కబేళాలో పనిచేసి, దొంగతనం కేసులో కొన్ని వారాలు జైల్లో ఉండి వచ్చినవాడు. గీజర్ అకౌంట్స్ పని నేర్చుకుంటున్నవాడు. మొదట్లో ఇంకో గిటారిస్టు, ఒక శాక్సఫోన్ వాద్యకారుడు కూడా ఉండేవారు. పేరు పోల్కా టల్క్ బ్లూస్ బ్యాండ్. కొన్నాళ్లకు ఆ ఇద్దరూ పోయి నలుగురు మిగిలారు, పేరు ఎర్త్ అయింది. పేరులోనే ఉంది చూడండి, ఇది బ్లూస్ బ్యాండు. అమెరికా నల్లజాతి వాళ్ల పాత పాటలు బ్రిటన్ పబ్బుల్లో వాయించే వందల బ్యాండుల్లో ఒకటి.

వేళ్ల సంగతి నిజమే. అయోమీకి అప్పుడు పదిహేడేళ్లు. ఉద్యోగంలో అదే ఆఖరి రోజు, ఒక బ్యాండుతో యూరప్ టూరుకు బయల్దేరాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనన్నాడు. ఒప్పుకున్న పని పూర్తి చేసి రమ్మని తల్లి పంపింది. మామూలుగా అతను చేసేది వెల్డింగ్. ఆ రోజు ప్రెస్ మీద పనిచేసే మనిషి రాకపోవడంతో ఇతన్ని అక్కడ నిలబెట్టారు. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు చివర్లు పోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి అతనికి తీగలు నొక్కే చెయ్యి అదే. ఇక గిటార్ ముట్టుకోలేనని కుంగిపోతే, ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు తెచ్చి వినిపించాడట. అది జాంగో రైన్‌హార్ట్‌ది. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిని, మిగిలిన రెండు వేళ్లతో సోలోలు వాయించిన మహానుభావుడు.

తర్వాత అయోమీ చేసింది నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన భాగం. గిన్నెలు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసాను కరిగించి ఉండ చేశాడు. దానికి బొక్క పెట్టి, వేలికి సరిపోయేదాకా అరగదీశాడు. తీగ మీద జారకుండా పైన పాత లెదర్ జాకెట్ ముక్క అతికించాడు. మామూలు గిటార్ తీగలు ఆ తొడుగులతో వంచలేకపోతుంటే బాంజో తీగలు కొని వేసుకున్నాడు, ఎందుకంటే అవి సన్నగా ఉంటాయి. కార్డులంటే ఒకేసారి పలికించే స్వరాల గుంపులు; పెద్దవి పట్టడం కష్టం కాబట్టి రెండు స్వరాల కార్డుల మీద ఎక్కువ ఆధారపడ్డాడు. వేలి చివర స్పర్శ తెలియదు కాబట్టి చెవితో సరిచూసుకోవడం అలవాటైంది. ఇదంతా అతని బాణీని మార్చిందంటే ఎవరైనా ఒప్పుకోవాల్సిందే.

తీగలు వదులు చేశాడన్న మాట మాత్రం తొలి ఆల్బమ్ విషయంలో చెల్లదు. అది మామూలు శ్రుతిలోనే ఉంది. నమ్మకం లేకపోతే మీ గిటార్‌ను మామూలు శ్రుతిలో పెట్టుకుని రికార్డుతో పాటు వాయించి చూడండి, బిరడలు తిప్పాల్సిన పనే రాదు. అతను శ్రుతిని మూడు స్థానాలు కిందికి దించడం 1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో మొదలైంది. అప్పటికి సబ్బాత్ రెండు ఆల్బమ్‌లు వేసి రెండు ఖండాల్లో పేరు తెచ్చుకుంది. అంటే హెవీ మెటల్‌కు పునాది అని అందరూ చెప్పే శబ్దం బిగుతు తీగల మీదే పుట్టింది. నివాళులు రాసినవాళ్లు ఈ చిన్న లెక్క ఎందుకు చూసుకోరో నాకు అర్థం కాదు. కార్యానికి కారణం తర్వాత ఎలా వస్తుంది?

మరి ఆ బరువు ఎక్కణ్నుంచి వచ్చింది? ఇది ఊహించనక్కర్లేదు, చెవితో పట్టుకోవచ్చు. అయోమీ అప్పట్లో వాడేది తెల్ల ఫెండర్ స్ట్రాటోకాస్టర్. స్టూడియోకు అదే తీసుకెళ్లాడు. "వికెడ్ వరల్డ్" అనే పాట రికార్డు అయ్యాక దాని పికప్ పనిచేయడం మానేసింది. పికప్ అంటే తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే ముక్క. రిపేరు చేయించేంత టైము లేదు. స్పేర్‌గా తెచ్చుకున్న గిబ్సన్ ఎస్‌జీ తీసి మిగతా పాటలన్నీ దాంతో లాగించాడు. ఇప్పుడు "వికెడ్ వరల్డ్" విని, వెంటనే "ఎన్.ఐ.బి." వినండి. అదే గది, అదే చెయ్యి. మొదటిదాంట్లో గిటార్ సన్నగా, కొంచెం గీసినట్టు పలుకుతుంది. రెండోదాంట్లో స్వరానికి ఒళ్లొచ్చింది. ప్రమాదం కావాలంటే ఇదిగో ఇదీ ప్రమాదమే, కానీ దీని మీద ఎవరూ పురాణం రాయలేదు.

దీనికి తోడు ఆంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే యాంప్లిఫయర్. బర్మింగ్‌హామ్‌లోనే 1967లో మొదలైన లేనీ అనే కంపెనీది. గిటార్‌కూ ఆంప్‌కూ మధ్య రేంజ్‌మాస్టర్ అనే చిన్న పెట్టె. తమాషా ఏమిటంటే అది ట్రెబుల్, అంటే పై స్థాయి స్వరాలను పెంచే పెట్టె, కింది స్థాయిని పెంచేది కాదు. సిగ్నల్‌ను గట్టిగా తోసి ఆంప్ తట్టుకోలేనంత చేస్తే, ఆంప్ స్వరాన్ని చీల్చి మందం చేస్తుంది. దాని కింద గీజర్ బేస్. గీజర్ మొదట రిథమ్ గిటార్ వాయించేవాడు, బేస్‌కు కొత్త. బేస్ వాళ్లు మామూలుగా వేరే దారిలో నడుస్తారు. ఇతను అయోమీ చేతిని చూస్తూ ఆ రిఫ్‌నే, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసనే, కింది స్థాయిలో వాయించేశాడు. ఒకే వరసను గిటారూ బేసూ కలిసి పలకడంతో మధ్యలో సందు లేకుండా పోయింది. కొన్ని చోట్ల ఆజీ కూడా అదే వరసలో పాడతాడు. గాత్రం పాడేవాళ్లను వయొలిన్ వెంటాడే కచేరీలు విని పెరిగిన మనకు ఇది వింతగా అనిపించదుగానీ, అప్పటి రాక్‌లో ఇది కొత్త. వీళ్లందరికీ వెనకాల బిల్ వార్డ్ జాజ్ డ్రమ్మర్లను విని నేర్చుకున్నవాడు. దెబ్బను ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వేసి పాటను వెనక్కి లాగుతాడు. ఆ ఆలస్యమే బరువు. తర్వాత వచ్చిన మెటల్ డ్రమ్మర్లలో చాలామంది వేగం నేర్చుకున్నారు, ఆ ఆలస్యం నేర్చుకోలేదు. ఇది నా ఫిర్యాదు, ఎవరూ పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు దెయ్యపు స్వరం దగ్గరికి వద్దాం. ఆల్బమ్‌లో మొదటి పాట పేరు, ఆల్బమ్ పేరు, బ్యాండు పేరు మూడూ ఒకటే. వాన, గంట, ఉరుము. ఆ తర్వాత మూడు స్వరాలు. కింది జి, పై జి, మళ్లీ దిగి సి షార్ప్. ఆ మూడోదాని మీద ఆగి వణికిస్తాడు అయోమీ. జి నుంచి సి షార్ప్‌కు ఉన్న దూరాన్ని పాశ్చాత్యులు ట్రైటోన్ అంటారు, మధ్యయుగాల్లో చర్చి దీన్ని నిషేధించిందని ప్రతి డాక్యుమెంటరీ చెబుతుంది. అలాంటి నిషేధం జరిగినట్టు ఆధారమేమీ లేదు. దాన్ని సంగీతంలో సైతాను అనడం సిద్ధాంత గ్రంథాల్లో కనపడేది 18వ శతాబ్దం మొదట్లో, అదీ స్వర కల్పనలో జాగ్రత్తపడమని విద్యార్థులకు చెప్పే సందర్భంలో.

మా అత్తయ్య వీణ నేర్పేవారు. కాలేజీ సెలవుల్లో ఆవిడకు ఈ పాట మొదటి రెండు నిమిషాలు వినిపించాను. ఇది దెయ్యపు స్వరమట అత్తయ్యా, వీళ్ల దేశంలో దీన్ని వింటే జడుసుకునేవారట అని ఊరించి మరీ పెట్టాను. వాన చప్పుడు అయ్యేదాకా ఓపిక పట్టారు. రెండోసారి రిఫ్ వచ్చేసరికి చేత్తో ఆపమన్నారు.

"సా, పై సా, ప్రతి మధ్యమం. అంతే కదరా. కల్యాణిలో రోజూ పాడేదే. దీనికింత గాభరా ఎందుకు వాళ్లకి?"

"మరి భయంగా లేదా?"

"ఉంది. ప్రతి మధ్యమం పలికాక చెవి పంచమానికి వెళ్తుంది. వీడు పంచమం మీద వాలనివ్వకుండా అక్కడే వణికించి వేలాడదీసి, మళ్లీ మొదటికి వచ్చేస్తున్నాడు. ఎంతసేపు చేస్తాడట ఇలా?"

నాలుగు నిమిషాల పైనే చేస్తాడని చెప్పాను. ఆవిడ కాఫీ పెట్టడానికి లేచి వెళ్లారు.

ఆ పాట గురించి నేను చదివిన విశ్లేషణల్లో ఇంతకన్నా సూటి అయినది దొరకలేదు. 72 మేళకర్తల్లో 36 ప్రతి మధ్యమం ఉన్నవే. "నిధి చాల సుఖమా" కల్యాణిలోనే ఉంది, దాన్ని విని ఎవరూ దుప్పటి ముసుగేసుకోరు. అంటే భయం ఆ దూరంలో లేదు. దాన్ని ఎంత నెమ్మదిగా పెట్టారు, రెండు దెబ్బల మధ్య ఎంత ఖాళీ వదిలారు, ఎప్పటిదాకా విడుదల ఇవ్వలేదు, ఇదంతా కూర్పు. మనిషి ఆలోచించి చేసిన పని. ఆరు నిమిషాల ఇరవై సెకన్ల పాటలో చివరి భాగంలో గుర్రం దౌడు లాంటి వేగం అందుకున్నప్పుడు కలిగే ఉపశమనం కూడా కూర్పే.

ఆ రిఫ్ ఆకాశంలోంచి పడలేదు. గుస్తావ్ హోల్స్ట్ గ్రహాల మీద రాసిన ఆర్కెస్ట్రా కృతిలో అంగారకుడి భాగమంటే గీజర్‌కు ఇష్టం. రిహార్సల్లో దాన్ని బేస్ మీద గిల్లుతూ ఉండేవాడు. అందులోనూ జి మీద నడుస్తూ సి షార్ప్ తగిలే వరసే ఉంది. అది విన్న అయోమీ మర్నాడు ఈ రిఫ్ వాయించాడని గీజరే చెప్పాడు. మాటల సంగతి కూడా ఇంతే. గీజర్ తన గదికి నల్లరంగు వేసుకుని, క్షుద్రవిద్యల పుస్తకాలు చదువుతూ, ఒక రాత్రి మెలకువ వచ్చి మంచం చివర నల్లటి ఆకారం చూశానని ఆజీకి చెప్పాడు. ఆజీ దాని మీద మాటలు రాశాడు. ఆ మాటలు ఒకసారి శ్రద్ధగా వినండి. పాడుతున్నవాడు సైతానును పిలవడం లేదు. హడలిపోయి దేవుడా కాపాడు అని మొత్తుకుంటున్నాడు. సైతాను భజన చేసే బ్యాండు అన్న ముద్ర ఈ పాట వల్లే పడిందంటే, ముద్ర వేసినవాళ్లు రెండో చరణం దాకా వెళ్లలేదని అర్థం.

పేరు కూడా అలాగే వచ్చింది. ఎర్త్ పేరుతో ఇంకో బ్యాండు ఉందని తెలిసి 1969లో పేరు మార్చాల్సి వచ్చింది. రిహార్సల్ చేసే చోటికి ఎదురుగా ఉన్న సినిమా హాల్లో ఆడిన బోరిస్ కార్లోఫ్ హారర్ సినిమా పేరు పెట్టుకున్నారు. జనం డబ్బులిచ్చి మరీ భయపడటానికి వెళ్తున్నారే, మనం భయపెట్టే సంగీతం చేస్తే ఎలా ఉంటుంది అన్నది వాళ్ల ఆలోచన. నాకిది వ్యాపార తెలివిలా కనపడుతుంది, మంత్రవిద్యలా కాదు. మన సినిమావాళ్లయినా దెయ్యం కథ ఎంచుకునేది ఈ లెక్కతోనే కదా.

ఇంకో వాదన ఉంది, కొంచెం మర్యాదస్తులు చేసేది. ఫ్యాక్టరీ ఊరి చప్పుడే ఈ సంగీతమైంది అంటారు. రాత్రిళ్లు ఫ్యాక్టరీల దెబ్బలు వింటూ మంచం మీద తాళం వేసేవాణ్నని బిల్ వార్డ్ కూడా చెప్పాడు. అతను విన్నాడు, కాదనను. కానీ నేను గాజువాకలో పెరిగాను. మా నాన్నగారు స్టీల్ ప్లాంట్ వైర్ రాడ్ మిల్లులో చేసేవారు. సి షిఫ్ట్ అయ్యి పొద్దున్నే ఇంటికొస్తే కాసేపు ఆయనతో గట్టిగా మాట్లాడాలి, చెవులు అప్పుడే మామూలు కావు. ఆటోనగర్ పక్క సందులో అద్దెకున్న రోజుల్లో గ్రైండరు కోతలు, రేకు మీద సుత్తి దెబ్బలు పొద్దుగూకేదాకా వినేవాళ్లం. చప్పుడే సంగీతం చేస్తే ఈపాటికి గాజువాక నుంచి పది మెటల్ బ్యాండులు రావాలి. మా వీధిలో సాయంత్రమయితే ఘంటసాల పాటలే మోగేవి. ఇనుము మధ్య బతికేవాళ్లలో చాలామందికి ఇంటికొచ్చాక కావలసింది ఇనుము కాదు. ఆస్టన్‌లోనూ అదే. ఆ ఊరి కుర్రాళ్లలో వేలమంది బీటిల్స్ విన్నారు. ఆజీ కూడా బీటిల్స్ పిచ్చివాడే.

ఆస్టన్ నిజంగా ఈ పాటల్లో ఎక్కడుందంటే, చప్పుళ్లలో కన్నా మాటల్లో ఉంది. ఇందాకటి "వికెడ్ వరల్డ్" సంగతే చూడండి. ఎవరు యుద్ధానికి వెళ్లి చావాలో నిర్ణయించే రాజకీయ నాయకుడు. చంద్రుడి మీదికి మనిషిని పంపగలిగి, ఇక్కడ పాత రోగాలతో చచ్చేవాళ్లను పట్టించుకోని ప్రభుత్వాలు. రోజూ పనికెళ్లే తల్లి, ఇంట్లో ఏడ్చే పిల్లాడు. చంద్రుడి మీద మనిషి దిగింది 1969 జులైలో, పాట రికార్డు అయింది అదే ఏడాది. ఈ పాటలో దెయ్యం లేదు, మంత్రగాడు లేడు. ఏడాది తిరక్కుండా వచ్చిన "వార్ పిగ్స్" అనే యుద్ధ వ్యతిరేక పాటకు బీజం ఇదే అని నా నమ్మకం. విచిత్రమేమిటంటే బ్రిటన్ ఆల్బమ్‌లో ఈ పాటకు చోటు లేదు. ఒక సింగిల్, అంటే విడిగా అమ్మే పాట రికార్డు, వెనకవైపు వేసి సరిపెట్టారు. అమెరికా ఎడిషన్‌లో మాత్రమే ఆల్బమ్‌కెక్కింది. బ్రిటన్ వాళ్లకు దాని స్థానంలో దొరికింది "ఈవిల్ వుమన్", క్రో అనే అమెరికన్ బ్యాండు పాటకు నకలు. రేడియోలో ఆడే సింగిల్ ఒకటి ఉండాలన్న ఒత్తిడితో అయిష్టంగా చేసింది. అది ఆడలేదు కూడా. ఈ రికార్డులో నేను దాటేసే పాట అదొక్కటే.

ఇక పనితనం గురించి మాట్లాడతానన్నాను కదా. 1968 డిసెంబరులో అయోమీ బ్యాండు వదిలి జెత్రో టల్‌లో చేరాడు. అప్పటికి వాళ్లు పేరున్నవాళ్లు. రోలింగ్ స్టోన్స్ బ్యాండు తీసిన టీవీ కార్యక్రమంలో వాళ్లతో కలిసి కనపడ్డాడు కూడా. అక్కడ ఇమడలేక కొద్ది రోజులకే వెనక్కి వచ్చేశాడు. కానీ ఒకటి నేర్చుకొచ్చాడు. ఆ బ్యాండు నాయకుడు ఇయన్ ఆండర్సన్ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లినట్టు రిహార్సల్‌కు వచ్చేవాడు, అందరినీ రప్పించేవాడు. అయోమీ ఆస్టన్ తిరిగొచ్చి మనమూ ఇలాగే చేయాలన్నాడు. ఉదయం తొమ్మిదింటికి రిహార్సల్. మిగతా వాళ్లను లేపి వ్యానులో ఎక్కించుకెళ్లేది కూడా అతనే. రాక్ చరిత్రల్లో ఈ ముక్కకు రెండు వాక్యాలు దొరకడం కష్టం. వేళ్లు తెగడానికి మాత్రం పేజీలు.

తర్వాత జర్మనీ. హాంబర్గ్ స్టార్ క్లబ్బులో బీటిల్స్ కూడా వాయించారు. అక్కడ వీళ్లు రోజుకు ఏడు దాకా సెట్లు వాయించాల్సి వచ్చేది, ఒక్కోటి ముప్పావుగంట. అన్ని పాటలు వాళ్ల దగ్గర లేవు. అందుకని ఉన్న పాటనే సాగదీసేవారు. ఒక సెట్టులో అయోమీ సోలో, ఇంకో సెట్టులో వార్డ్ సోలో. సాగదీస్తుంటే మధ్యలో కొత్త రిఫ్‌లు తగులుతాయి. తగిలినదాన్ని మర్నాడు మళ్లీ వాయించి చూస్తారు. నిలబడితే పాట అవుతుంది. బర్మింగ్‌హామ్‌లో వాళ్ల మేనేజరు జిమ్ సింప్సన్ క్రౌన్ అనే పబ్బు పైగదిలో హెన్రీస్ బ్లూస్‌హౌస్ నడిపేవాడు. అక్కడా ఇదే తంతు.

అందుకే రికార్డింగ్ ఒక్కరోజులో అయిపోయింది. ఇదీ ఒక పురాణమే, కాకపోతే నిజమైన పురాణం. 1969లో లండన్ రీజెంట్ సౌండ్ స్టూడియోలో, నిర్మాత రాడ్జర్ బేన్. నాలుగు ట్రాకుల మిషన్. ఆజీ ఒక చిన్న గదిలో, మిగతా ముగ్గురూ బయట, అందరూ ఒకేసారి. కచేరీలో వాయించే వరసే వాయించారు. ఒక రోజంటే చాలా టైము ఇచ్చినట్టేనని అప్పట్లో అనుకున్నామని అయోమీ తర్వాత చెప్పాడు. మర్నాడే స్విట్జర్లాండ్ ప్రోగ్రాముకు బయల్దేరిపోయారు. ఖర్చు దాదాపు 600 పౌండ్లంటారు. వాన, గంట వాళ్లు లేనప్పుడు నిర్మాత, ఇంజనీరు కలిపినవి. ఇప్పుడు అవి లేకుండా ఆ పాటను ఊహించలేం గానీ, వాయించినవాళ్లకు రికార్డు చేతికొచ్చేదాకా తెలియదు.

"స్లీపింగ్ విలేజ్" మొదట్లో ఒక వాద్యం డోయ్‌మంటూ మోగుతుంది, గమనించారా? అది మన మోర్సింగ్ జాతిదే. ఒక గిటార్, పక్కన ఆ మోర్సింగ్, దాని మీద ఆజీ గొంతు నాలుగు ముక్కలు. ఒక నిమిషం లోపే అయిపోతుంది. మెటల్‌కు మూలపురుషుడని చెప్పే ఆల్బమ్‌లో ఈ నిమిషం గురించి ఎవరూ మాట్లాడరు. "ది విజర్డ్"లో ఆజీ హార్మోనికా ఊదుతాడు. దాని గురించీ అంతంతమాత్రమే. ఎందుకంటే ఇవి కథకు అడ్డం. ఒక జాతి పుట్టిందని చాటాలంటే అంతకుముందు జాతి పోలికలు కనపడకూడదు మరి.

అసలు అన్యాయం "వార్నింగ్"కు జరిగింది. పది నిమిషాల పైన నడిచే ఈ చివరి పాట ఐన్స్‌లీ డన్‌బార్ అనే డ్రమ్మర్ బ్యాండుది. మధ్యలో ఎక్కువ భాగం గిటారే. సబ్బాత్ అభిమానుల్లో కూడా సగం మంది దీన్ని నింపుడు సరుకు అంటారు. నాకు తెలిసిన ఒకాయన సీడీ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేటప్పుడు దీన్ని వదిలేశాడు. నేనైతే ఆల్బమ్‌లో ఒక్క పాట ఉంచుకోమంటే దీన్ని ఉంచుకుంటాను. హాంబర్గ్ రాత్రులు ఇందులో ఉన్నాయి. మిగతా ఇద్దరూ ఆగిపోయి అయోమీ ఒక్కడే మిగిలే చోటు ఒకటి వస్తుంది. ఒక రిఫ్ ఎత్తుకుంటాడు, రెండు ఆవృతాలు నడిపి వదిలేస్తాడు. ఇంకోటి ఎత్తుకుంటాడు, అది కొంచెం నచ్చినట్టుంది, ఇంకాసేపు ఉంటాడు. వార్డ్ అది పసిగట్టి లోపలికొస్తాడు, గీజర్ కిందినుంచి అందుకుంటాడు. వీటిలో రెండు మూడు ముక్కలు వేరే బ్యాండు చేతిలో పడితే ఒక్కోటి ఒక్కో పాట అయ్యేది. రాగం తానం పల్లవి కూర్చుని వినే ఓపిక ఉన్నవాళ్లకు ఈ పది నిమిషాలు ఒక లెక్క కాదు. పూర్తయిన పాటల్లో ఈ బ్యాండు ఏం సాధించిందో తెలుస్తుంది, ఇందులో ఎలా సాధించిందో తెలుస్తుంది.

అప్పటి విమర్శకులు ఈ ఆల్బమ్‌ను చీల్చి చెండాడారు. రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ క్రీమ్ బ్యాండు లాగే ఉంది, కాకపోతే ఇంకా అధ్వానం అన్నాడు. అభిమానులు ఇప్పటికీ ఈ మాట గుర్తుచేసుకుని నవ్వుతుంటారు. నా ఉద్దేశంలో బ్యాంగ్స్ చెవి సరిగ్గానే పనిచేసింది. క్రీమ్ 1968లోనే విడిపోయింది, ఈ రికార్డు రెండో వైపు సగం వాళ్ల నీడలోనే నడుస్తుంది. విన్నది నిజం, వేసిన మార్కులే తప్పు. అభిమానులు దీనికి విరుద్ధం. మార్కులు బాగా వేస్తారు, రెండో వైపు వినరు.

అమ్మకాలకు విమర్శకులతో పని పడలేదు. బ్రిటన్ చార్టులో ఎనిమిదో స్థానం, అమెరికాలో ఇరవై మూడు. అట్ట సంగతి కూడా చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని మేపుల్‌డర్హమ్ అనే ఊళ్లో పాత నీటి మిల్లు ముందు నల్లబట్టల్లో నిలబడ్డ ఆడమనిషి, కీత్ మెక్‌మిలన్ తీసిన ఫొటో. రంగులు జబ్బుపడ్డట్టుంటాయి. గొప్ప అట్ట, సందేహం లేదు. లోపల తలకిందులు శిలువ వేసింది మాత్రం కంపెనీవాళ్లు, బ్యాండును అడగలేదు. ఆ శిలువ చూసి చర్చిలవాళ్లు ఒకవైపు, మంత్రగాళ్లమని చెప్పుకునేవాళ్లు ఇంకోవైపు వెంటపడ్డారు. "ఎన్.ఐ.బి." అన్న పేరుకు ఎన్నో గూఢార్థాలు లాగారు. అది బిల్ వార్డ్ గడ్డం పెన్ను పాళీలా, అంటే ఇంగ్లిష్ "నిబ్"లా ఉందని వాళ్లలో వాళ్లు వేసుకున్న జోకు. పాటలో సైతాను ఉన్నమాట నిజమే, కానీ అతను ప్రేమలో పడి మంచివాడవుతాడు.

2025 జులై 5న ఆస్టన్‌లోనే విల్లా పార్కు స్టేడియంలో నలుగురూ ఆఖరిసారి కలిసి వాయించారు. నాలుగు పాటలు. వాటిలో తొలి ఆల్బమ్ నుంచి తీసుకున్నది ఒక్క "ఎన్.ఐ.బి." మిగతా మూడూ రెండో ఆల్బమ్ "పారనాయిడ్"వి. డెబ్బైల్లో ఉన్నవాళ్లను పది నిమిషాల "వార్నింగ్" వాయించమని అడగడం దారుణమే, అడగను. కానీ ఆ మూడింట్లో మొదటిదైన "వార్ పిగ్స్" ఎలా పుట్టిందో వాళ్లే చెప్పారు. జూరిక్‌లో ఒక క్లబ్బులో వారాల తరబడి, లోపల జనం ఉన్నా లేకపోయినా, ఇచ్చిన టైమంతా నింపాల్సి వచ్చి, ఒక వరసను సాగదీసి సాగదీసి వాయిస్తుంటే దొరికిందట.